మూడు మిల్లీమీటర్ల ఏడాది

ఎర్రనీరు దిగీ దిగని రోజుల్లో వచ్చింది.
కాకినాడ కాలేజీ నుంచి ఫోను:
"సంగాడి ధర్మారావేనా? ఏడాదికి పడవ కావాలి."
ఏడాదికా! ఒక్క రోజుకడిగితేనే
నేను డీజిలు లెక్క మూడుసార్లు కట్టేవాణ్ణి.

మోకాళ్ళ దాకా బూట్లు, వీపున సంచి,
సంచిలో జల్లెడలు, కత్తులు, ఒక ప్లాస్టిక్ స్కేలు.
పేరు డియెప్. ఆకు అని అర్థమట.
మావాళ్ళ నోట్లో రెండో రోజుకే దీప అయిపోయింది.
వియత్నాంలో వాళ్ళదీ నది చివర ఊరేననీ
వాళ్ళ నాన్నా పీతల వలలు కడతాడనీ
చాలా తర్వాత తెలిసింది.
అప్పటికి ఆవిడకి తెలుగు రాదు,
నాకు ఇంగ్లీషు రాదు,
మధ్యలో ఇంజను మోత.

గాడేరు మలుపులో, పాటు వేళ,
మడచెట్ల ఊపిరివేళ్ళ మధ్య కూర్చుని
మూరెడు చదరంలో తెల్లపొడి చల్లింది.
ఫెల్డ్‌స్పార్ అంట. రాతిపిండి.
ఇంటికెళ్ళి చెప్తే మా మరిడి పొట్ట పట్టుకుని నవ్వింది:
"అడవిలో ముగ్గా? ఎవరి గుమ్మానికి?"

పన్నెండు చోట్ల పన్నెండు ముగ్గులు.
పోటు తెచ్చిన ఒండ్రు వాటిమీద పడాలి,
ఏడాదికి కోసి చూడాలి.
తెల్లగీత మీద ఎంత మట్టుంటే
అంతే ఆ ఏడు గోదారి పడ్డ కష్టం.
మిగతాది ఎక్కడుందని అడిగితే
ఎగువకి, ఆనకట్టల వైపు చెయ్యి చూపించింది.

ఓ రోజు తిల్లకొమ్మ విరవబోయింది.
ఆ పాలు కంట్లో పడితే చూపు పోతుంది.
చెప్పే మాట దొరక్క చేతిమీద కొట్టాను,
ఇంట్లో పిల్లని కొట్టినట్టే.
చొల్లంగి రేవు దాకా ఇద్దరం మాట్లాడలేదు.
మర్నాడు పుస్తకం తెరిచి చూపించింది,
వంకరటింకరగా, వత్తుతో సహా: తిల్ల.
అదే ఆవిడ రాసిన మొదటి తెలుగు.

మా ఇంట ఎండు రొయ్యల వంకాయ తిని
ఇంకో రెండు పచ్చిమిరపకాయలడిగింది.
భైరవపాలెంలో చేపలెండే ఇసుక దగ్గర
కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది.
నేను పడవలోనే ఉండిపోయాను.

కార్తీకంలో తుపాను.
నాలుగో రోజు వెళ్ళి చూస్తే రెండు ముగ్గులు లేవు,
వాటి కింద నేలే లేదు.
ఏడుస్తుందనుకున్నా. ఏడవలేదు.
పుస్తకంలో ఆ రెంటి ఎదురుగా అడ్డగీత పెట్టింది.
"సున్నా కదా?" అన్నాను.
అప్పటికి కాస్త తెలుగొచ్చింది, తల అడ్డంగా ఊపింది:
"సున్నా అంటే మట్టి రాలేదు.
గీత అంటే... మనకి తెలీదు."

వేటకెళ్ళి తిరిగిరాని మా తమ్ముడు కామేశు పేరెదురుగా
ఆఫీసులో గుమాస్తా సున్నా చుట్టి మూడేళ్ళు.
ఆ వారమే వెళ్ళాను.
గీత పెట్టమన్నాను.
వెర్రివాణ్ణి చూసినట్టు చూసి,
ఏమనుకున్నాడో, పెట్టాడు.

మళ్ళీ ఎర్రనీరు రాకముందే గడువైపోయింది.
కేకుముక్కల్లా కోసుకుంటూ వచ్చింది బురదని.
ఓ చోట అయిదు. ఓ చోట రెండు.
గాడేరు మలుపులో మూడు.
"మూడేనా!" అన్నాను.
వేలిగోరు చూపించింది, అంత.
అంత మట్టి కోసం విమానమెక్కి వచ్చిన పిల్ల
పడవలో బూట్లు కడుక్కుంటూ ఈల వేసింది.

ఏడో నంబరు ముగ్గు కొయ్యలేదు.
స్కేలు నా చేతిలో పెట్టి
"వచ్చే ఏడు మీరు" అంది.

మొన్న వెళ్ళాను.
ఎర్రగుడ్డ ముక్క కొమ్మకే ఉంది.
కొయ్యబోతే, తెల్లగీత ఉండాల్సిన చోట కన్నం.
కన్నం చుట్టూ శనగగింజలంత ఉండలు,
తెలుపూ నలుపూ కలిసిపోయి,
వాటి వెనక ఒక చెయ్యే పెద్దదైన పీత
నన్ను రమ్మంటోందో పొమ్మంటోందో.

చాలాసేపు కూర్చున్నా. పోటు మొదలైంది.
చేపల లెక్కల పుస్తకం చివరి పేజీలో
ఏడు అని వేసి
ఎదురుగా అడ్డగీత పెట్టి
పక్కన "పీత" అని రాశాను.